దీపావళికి రంగులొద్దు, ముందు మేడెక్కి చూడండి

మీరడిగింది ఇది: చెన్నైలో పై అంతస్తు ఫ్లాట్. దీపావళికి రంగులు వేయించి, హాల్లో ఒక గోడకి వాల్‌పేపర్ అంటించి, తివాచీలు పరిచి చలికాలానికి ఇల్లు ముస్తాబు చేయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని.

మొట్టమాడి మీద, అంటే ఇంటి పైకప్పు మేడ మీద, మొదలుపెట్టండి. రంగుల సంగతి భోగికి చూసుకోవచ్చు.

చెన్నైకి చలికాలమంటే వానలే. ఏడాదికి సుమారు 1,400 మిల్లీమీటర్లు పడితే అందులో సగానికి మించి అక్టోబరు, డిసెంబరు నెలల మధ్యే కురుస్తుంది. నవంబరుదే పెద్ద వాటా. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు 20కి అటూ ఇటూగా దిగుతాయి, దీపావళీ అప్పుడే వస్తుంది: 2025లో అక్టోబరు 20, 2026లో నవంబరు 8. ఇక్కడి పాతవాళ్లు ఇంటికి సున్నం పొంగల్ ముందు కొట్టించేవాళ్లంటే అది ఉత్త ఆచారమే కాదు, జనవరికి వాన తగ్గి గోడ ఆరుతుంది. ఇప్పుడేమో పెయింట్ దుకాణాలు పండగ ఆఫర్లు అక్టోబరులో పెడుతున్నాయని జనం అప్పుడే బ్రష్ పట్టిస్తున్నారు. చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

చెమ్మ గోడ మీద కొత్త రంగు వేస్తే జరిగేది ఇది. పైకప్పు పగులులోంచి, పిట్టగోడ మొదట్లోంచి దిగిన నీరు ఇటుకలోకి, ప్లాస్టరులోకి చేరుతుంది. చెన్నైలో చాలా ఇళ్లు ఉప్పు బోరు నీళ్లతో కట్టినవే, కాబట్టి ఆ నీరు లోపలి ఉప్పును కరిగించుకుని గది వైపు వస్తుంది. పైకొచ్చి నీరు ఆవిరవుతుంది, ఉప్పు మిగిలి గడ్డకడుతుంది. ఆ ఉప్పు గడ్డలే పుట్టీని వెనకనుంచి నెడతాయి. ముందు చిన్న బొబ్బ, తర్వాత పెచ్చు, దాని కింద తెల్లటి పొడి. ఆ పొడి తుడిచి మళ్లీ పుట్టీ పూసే పెయింటర్‌కి డబ్బులివ్వకండి. లోపలివైపు చెమ్మను ఆపుతుందని అమ్మే ఖరీదైన పెయింట్ కూడా అంతే. నీరు వెనకనుంచి వస్తుంటే ముందువైపు మూత పెట్టి లాభం లేదు, పొర మొత్తంగా ఊడొస్తుంది. వినైల్ వాల్‌పేపర్ అయితే మరీ ఘోరం, వెనకాల నల్లబూజు పట్టినా నెలల తరబడి కనబడదు.

గోడలో చెమ్మ ఉందో లేదో తేల్చుకోవడం సులువే. అడుగున్నర చదరపు ప్లాస్టిక్ షీట్‌ను నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా గోడకి అంటించి ఒక రోజు వదిలేయండి. షీటుకి గోడవైపు నీటి బొట్లు పడితే తడి గోడలోంచి వస్తోంది. గదివైపు పడితే గదిలో గాలి ఆడటం లేదని అర్థం, దానికి కిటికీలు తెరవడం, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టడం చాలు.

ఇక మేడ. తూముల దగ్గర ఆకులు, మట్టి తీసి ఒక్కో గొట్టంలో బకెట్ నీళ్లు కుమ్మరించి కింద ఎంత వేగంగా వస్తున్నాయో చూడండి. నీళ్లు ఎదురు తన్నితే ఆ గొట్టాలు చేరే వాన నీటి ఇంకుడు గుంతలో గులకరాళ్లు, ఇసుక పూడిపోయి ఉండొచ్చు. తమిళనాడులో వాన నీటి సేకరణ 2003లోనే తప్పనిసరి చేశారు. గుంత తవ్వించిన అసోసియేషన్లలో దాన్ని ఏటా కడిగించేవి ఎన్నో చెప్పండి!

ఎక్కడ కారుతోందో తెలియకపోతే తూములు గుడ్డతో మూసి, మేడ మీద అంగుళం ఎత్తున నీళ్లు 24 గంటలు నిలబెట్టండి. కింద సీలింగ్‌లో ఎక్కడ నల్లబడితే అక్కడ సుద్దతో గీత గీసుకోండి. నీరు వాలుకి ప్రయాణం చేసి ఇంకెక్కడో దిగుతుంది కాబట్టి పగులు సరిగ్గా ఆ గీత మీదే ఉంటుందనుకోకూడదు. తూములు తెరిచాక కూడా మడుగులు మిగిలితే వాలు సరిపోలేదన్నమాట. పది అడుగులకి కనీసం అంగుళన్నర వాలుండాలి. మడుగు నిలిచేచోట, నీరు దిగకుండా మేడకి పూసే అక్రిలిక్ కోటింగ్ ఎన్ని పొరలు వేసినా ఉబ్బి లేస్తుంది, ముందు వాలు సరిచేయించాల్సిందే.

పగుళ్లకి పైపైన సిమెంటు పూయనివ్వకండి. ఉలితో వి ఆకారంలో వెడల్పు చేసి, దుమ్ము బ్రష్‌తో దులిపి, లేటెక్స్ (సిమెంటుకి పట్టునిచ్చే ద్రవం) కలిపిన ఒకటికి మూడు సిమెంటు–ఇసుక మిశ్రమంతో నింపాలి. పిట్టగోడ, స్లాబు కలిసే గీత మాత్రం ఎండకీ చలికీ కదులుతూ ఉంటుంది. అక్కడ సిమెంటు నిలవదు, రబ్బరులా సాగే పాలీయురెథేన్ సీలెంట్ కావాలి. దాని మీద మూల గుండ్రంగా తిరిగేట్టు మెత్తించి, ఫైబర్ వల పరిచి, కోటింగ్‌ను పిట్టగోడ మీదికి అడుగు ఎత్తు ఎక్కించాలి. మొదటి పొర నిలువుగా, అది ఆరాక రెండోది అడ్డంగా. డబ్బా మీద రాసినదానికంటే ఎక్కువ చోటుకి లాగితే డబ్బు దండగ.

సెప్టెంబరు దాటిపోయిందా? అక్రిలిక్‌కి పూర్తిగా ఆరిన నేల, రెండు మూడు పొడి రోజులు కావాలి. అవి దొరక్కపోతే సిమెంటు–పాలిమర్ రెండు భాగాల కోటింగ్ వాడండి. దానికి చెమ్మ పరవాలేదు, నీళ్లు నిలవకపోతే చాలు.

ఎంత కోటింగ్ వేయించినా తర్వాత డిష్ యాంటెన్నావాళ్లు వచ్చి స్లాబులో నాలుగు బోల్టులు దిగ్గొడితే అంతా మొదటికే. యాంటెన్నా సిమెంటు దిమ్మ మీద నిలబెట్టమనండి. ఏసీ రాగి గొట్టం కన్నం కూడా చూడండి, అది బయటివైపుకి వాలి ఉండాలి, చుట్టూ సీలెంట్ ఉండాలి. లోపలికి వాలితే వానంతా మీ పడకగదికే. స్లైడింగ్ కిటికీల పట్టాలో బయటివైపు చిన్న రంధ్రాలుంటాయి, పుల్లతో పొడిచి శుభ్రం చేస్తే నీళ్లు గదిలోకి పొర్లవు.

లోపలి అలంకరణకి ఇవన్నీ అయ్యాక రండి. తివాచీలు జనవరి దాకా చుట్టే ఉంచండి, తేమకి అడుగున బూజు పడుతుంది. మందపాటి కర్టెన్లకి బదులు పలచటి నూలువి, పసుపు, ఇటుక రంగుల్లో కట్టండి, ఉతికినా త్వరగా ఆరతాయి. బీరువాలు, కొలువు మెట్లు బయటి గోడకి రెండు మూడు అంగుళాలు ఎడంగా పెట్టండి. వీధి వైపు సీరియల్ లైట్లు కట్టేముందు మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) టెస్ట్ బటన్ నొక్కండి. వెంటనే పడిపోకపోతే లైట్లు ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. చెమ్మ గోడలో ఉన్న స్విచ్చులు వాడొద్దు.

నవంబరులో చెక్క తలుపులు ఉబ్బి పట్టేస్తాయి. అప్పుడే వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టిస్తే మార్చికి తలుపుకీ గుమ్మానికీ మధ్య వేలు దూరేంత సందు పడుతుంది. ఎండలు వచ్చాక తలుపు దించి, ఎవరూ రంగు వేయని పై అంచుకీ కింది అంచుకీ వార్నిష్ రెండు పొరలు పట్టించండి, నీరు ఎక్కువగా పీల్చేది అక్కడినుంచే.