గిన్నెలో పడ్డాక మరచిపోయే కణాలు

ప్రశ్న: డాక్టరు గారూ, నా వయసు 34. నడినెత్తిన జుట్టు పలచబడుతోంది. తలకు రాసుకునే ఒక సీరం డబ్బా మీద ‘మానవ కేశకూప కణాలలో జుట్టు పెంచే జన్యువు వ్యక్తీకరణ మూడు రెట్లు పెరిగినట్టు ప్రయోగశాలలో నిరూపణ’ అని రాసి ఉంది. అంటే జుట్టు కూడా మూడు రెట్లు రావాలి కదా? దానివల్ల నా జన్యువులు మారిపోవు కదా?

జవాబు: ముందు మీ భయం తీరుస్తాను. జన్యువులు మారవు. జన్యువును రాసిపెట్టిన దస్తావేజు అనుకుంటే, దానికి కణం ఎన్ని నకళ్లు తీసుకుంటోందన్నదే వ్యక్తీకరణ. దస్తావేజు ఉన్నచోటే ఉంటుంది. ఆ నకళ్ల పేరు ఆర్‌ఎన్‌ఏ. కణాలను పగలగొట్టి, ఆర్‌ఎన్‌ఏను వేరుచేసి, ఎంత ఉందో కొలుస్తారు. 2 నకళ్లు 6 అయినా మూడు రెట్లే, 200 నకళ్లు 600 అయినా మూడు రెట్లే. డబ్బా మీద ‘రెట్లు’ మాత్రమే వేస్తారు, ఎక్కడినుంచి ఎక్కడికో వేయరు. పైగా నకలు తీసినంత మాత్రాన ప్రొటీన్ తయారవుతుందని లేదు.

మీరు పట్టుకోవలసిన మాట మాత్రం ‘కణాలలో’ అన్నది. ఆ కణాలతో నేను పదకొండేళ్లు కాపురం చేశాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

వెంట్రుక కుదురు అడుగున పియర్ పండు ఆకారంలో చిన్న ముద్ద ఉంటుంది. దాన్ని డెర్మల్ పాపిల్లా అంటారు. వెంట్రుక ఎప్పుడు పెరగాలో, ఎంత లావుగా రావాలో పై కణాలకు చెప్పేది అదే. జుట్టు మార్పిడి శస్త్రచికిత్సల్లో మిగిలిన కుదుళ్లు మాకు వచ్చేవి. సూక్ష్మదర్శిని కింద సన్నని సూదులతో ఆ ముద్దను విడదీసి, కణాలను పెంచే గిన్నె అడుగును సూదితో కొద్దిగా గీరి, ఆ గీత మీద అంటించేదాన్ని. తరువాత వారం పది రోజులు గిన్నెను కదిలించకుండా ఉండాలి. నాకు అన్నిటికన్నా కష్టమైన పని అదే. ఆ తరువాత ముద్ద అంచునుంచి కణాలు ఒక్కొక్కటిగా బయటికి పాకుతాయి. గిన్నె నిండితే ఎంజైముతో ఊడదీసి కొత్త గిన్నెల్లోకి పంచుతాం.

నాలుగైదుసార్లు పంచాక కూడా అవి దిట్టంగానే కనిపిస్తాయి. కానీ ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము కోసం రంగు వేసి చూస్తే తెలుస్తుంది. తాజా కుదురులో పాపిల్లా ముదురు రంగు తిరుగుతుంది. నా గిన్నెలు పాలిపోయి ఉండేవి, వాటితోపాటు నేనూ తెల్లబోయేదాన్ని. కణాలు చావలేదు, తాము వెంట్రుకను పుట్టించేవాళ్లమన్న సంగతి మరచిపోయాయి. ఇరుగుపొరుగు కణాలనుంచి విడిపోయి, చదునైన నేల మీద ఒంటరిగా పరుచుకోవడంతో వాటి జన్యు వ్యక్తీకరణలో వేల తేడాలు వస్తాయి.

ఎలుక మీసాల కుదుళ్ల కణాలను గిన్నెలో పెంచి తిరిగి నాటితే వెంట్రుకలు వస్తాయని శాస్త్రవేత్త కాలిన్ జహోడా బృందం 1984లోనే చూపించింది. మనిషి కణాలు అంత సులభంగా లొంగలేదు. 2013లో జహోడా, ఏంజెలా క్రిస్టియానో ఉన్న బృందం ఒక ఉపాయం పన్నింది. గిన్నె మూతకు అంటిన పోషక ద్రవపు బొట్లలో కణాలు వేసి, మూతను తలకిందులు చేసింది. వేలాడే బొట్టు అడుగున కణాలు ఒకదానినొకటి పట్టుకుని ఉండలయ్యాయి. అలా పట్టుకున్నాక కోల్పోయిన జన్యు వ్యక్తీకరణలో సుమారు 22 శాతం తిరిగివచ్చింది. అంత మాత్రమే. అయినా, సహజంగా వెంట్రుకలు ఉండని మనిషి చర్మంలో ఆ ఉండలను నాటి, ఆ చర్మాన్ని చిట్టెలుకల మీద అతికిస్తే, ఏడుగురు దాతల్లో ఐదుగురి కణాలు కొత్త వెంట్రుకలను పుట్టించాయి. నా పాలిపోయిన గిన్నెలు గుర్తుకొచ్చి, ఆ వ్యాసాన్ని ఒకే రోజు మూడుసార్లు చదివాను.

ఇప్పుడు మీ డబ్బా దగ్గరికి వద్దాం. అప్పటికే సగం మరచిపోయిన కణాల మీద సీరం పోసి ఒక జన్యువును కొలిచారన్నమాట. ఆ కణాలు తల ముందు భాగంవా, వెనక భాగంవా, గడ్డంవా? ఇది చాదస్తం కాదు. ఒకే పురుష హార్మోను తగిలితే గడ్డం కణాలు వెంట్రుకను పెంచే ఐజీఎఫ్-1 అనే ప్రొటీన్‌ను విడుదల చేస్తాయి, బట్టతల కణాలు ఎదుగుదలను ఆపే టీజీఎఫ్-బీటా అనే ప్రొటీన్‌ను విడుదల చేస్తాయి.

గిన్నె అటువైపు కూడా మోసం చేయగలదు. జుట్టు పెరగడానికి తలకు రాసుకునే మందు మినాక్సిడిల్, తల చర్మంలో మినాక్సిడిల్ సల్ఫేట్‌గా మారాకే పనిచేస్తుంది. మార్చే ఎంజైము కుదురు బయటి తొడుగు కణాలలో ఉంటుంది. ఆ ఎంజైము లేని గిన్నెలో మినాక్సిడిల్ పోసి, ‘ఇది పనికిరాదు’ అని తీర్పు చెబితే మంచి మందునే పారేసినట్టు.

కాబట్టి ఆ కంపెనీకి ఒక్క ప్రశ్న రాయండి: సీరం రాసుకున్నవారిని, మందు లేని ద్రవం రాసుకున్నవారిని పక్కపక్కన పెట్టి, కొన్ని నెలల తరువాత చదరపు సెంటీమీటరుకు వెంట్రుకలు లెక్కపెట్టారా? జవాబు వచ్చేలోపు చర్మవైద్యులకు తల చూపించండి. నడినెత్తి పలచబడటానికి మనుషుల మీద అలా లెక్కపెట్టి చూసిన మందులు ఉన్నాయి. ఆలస్యమైనకొద్దీ వాటి పని కష్టమవుతుంది.

ప్రశ్న: తెల్ల వెంట్రుకలు పీకినప్పుడు చివర తెల్లని గుజ్జులాంటిది వస్తోంది. కుదురు ఊడిపోయినట్టేనా?

జవాబు: కాదు. అది కుదురు తొడుగు. అలా పీకిన వెంట్రుకలనుంచే తొడుగు కణాలను గిన్నెలో పెంచుతారు కూడా. పాపిల్లా చర్మంలోనే ఉండిపోతుంది, మళ్లీ వెంట్రుకను పుట్టిస్తుంది. ఆ వచ్చేది కూడా తెల్లదే కాబట్టి, పదేపదే పీకి కుదురును గాయపరచడంకన్నా కత్తెర వాడండి.