పైచేయి, మొగ్గు, జుట్టు: ఇంగ్లీషులో ఏది ఎక్కడ?

ప్రశ్న: రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీ ఆఫీసులో పనిచేస్తున్నానండీ. విదేశీ బయ్యర్‌కి మెయిల్ రాస్తూ, మిగతా సప్లయర్ల కంటే మేం ఒక మెట్టు పైనున్నాం అని చెప్పడానికి ‘అప్పర్ హ్యాండ్’ వాడాను. మేనేజర్‌గారు కొట్టేసి ‘ఎడ్జ్’ అని పెట్టారు. పక్క సీటతను ‘లెవరేజ్’ అయితే ఇంకా బాగుంటుందన్నాడు. మూడూ ఒకటే కాదా?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: ఒకటి కాదండీ. మీ మేనేజర్‌గారు మార్చింది సరైన మాటే.

అప్పర్ హ్యాండ్ అంటే అచ్చంగా మన పైచేయి. పైచేయి అనాలంటే ఎదురుగా ఇంకొకరుండాలి, ఇద్దరి మధ్యా లాగులాట నడుస్తుండాలి. చెరువులో రొయ్యలకి వైట్ స్పాట్ తెగులు పడిందనుకోండి. తెల్లారేసరికి రొయ్యలు గట్టువారకి వచ్చేస్తుంటాయి, రైతు ఆ రోజే పట్టుబడి పెట్టుకోవాలి, ఐసు బాక్సులతో బండి గట్టు మీదే ఉంటుంది కానీ కొనేవాడు కౌంటుకి (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్కకి) రేటు తగ్గించి చెప్తాడు. రైతు కాదనలేడు. అప్పుడు పైచేయి కొనేవాడిది. అదే కంటైనర్ నిండక, ఊళ్లో సరుకు దొరక్క వాళ్లే తిరుగుతున్న రోజున రైతుది. ఇలా చేతులు మారేదానికే ఆ మాట. కొనేవాళ్లకి రాసే మెయిల్‌లో పెడితే వాళ్లతోనే పోటీకి దిగినట్టుంటుంది.

ఎడ్జ్ పుట్టుకలో కత్తి పదునే అయినా వాడుకలో మన ‘మొగ్గు’కి దగ్గర. త్రాసులో ఒక తట్ట కాస్త కిందకి దిగడం, అంతే. అమెరికాకి సముద్రం మీద ఈక్వెడార్ మనకంటే బాగా దగ్గర, కాబట్టి అక్కడి రొయ్యకి ఎడ్జ్ ఉంది. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా అదనపు సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఆ మొగ్గు ఇంకా పెరిగింది. ఇక్కడ ఎవరూ ఎవరి చెయ్యీ మెలిపెట్టడం లేదు.

లెవరేజ్ మాత్రం జాగ్రత్తగా వాడాల్సిన మాట. దాని మూలం లీవర్, అంటే మనం గునపం దూర్చి, కింద చిన్న రాయి ఆనించి బండని లేపుతామే, అది. ‘వాళ్ల జుట్టు మన చేతిలో ఉంది’ అంటాం కదా, అదన్నమాట. మేత అరువిచ్చినాయన పంట ఎవరికి అమ్మాలో కూడా తనే చెప్తే, ఆ బాకీయే ఆయన లెవరేజ్. ఇది బేరంలో కూర్చున్నప్పటి మాట, బయ్యర్‌కి రాస్తే బెదిరించినట్టుంటుంది.

ఇక అడ్వాంటేజ్ అన్నిట్లోకీ సాదా మాట. కాలువ మొదట్లో పొలం ఉన్నవాళ్లకి శివారు రైతు మీద ఉండేది అదే. ఎక్కడైనా చెల్లుతుంది. కానీ ‘టేక్ అడ్వాంటేజ్ ఆఫ్’ తర్వాత మనుషుల్ని పెట్టకండి, వాళ్ల మంచితనాన్ని అలుసుగా తీసుకున్నామనే అర్థం వస్తుంది.

అప్పర్ హ్యాండ్ ముందు ఎప్పుడూ ‘ద’ ఉండాలి, ‘యాన్’ పెట్టకూడదు. ఎడ్జ్‌కి రెండూ నడుస్తాయి, వెనక ‘ఓవర్’ వస్తుంది. లెవరేజ్‌కి మామూలుగా ‘ఎ’ అక్కర్లేదు.

మీ మెయిల్‌లో ‘వీ హ్యావ్ యాన్ ఎడ్జ్ ఓవర్ అదర్ సప్లయర్స్’ అని రాసి ఊరుకోకండి. ఆ మొగ్గు దేనివల్లో పక్క వాక్యంలో చెప్పండి, చెరువు గట్టు నుంచి మీ ప్లాంటుకి సరుకు ఎన్ని గంటల్లో చేరుతుందో ఆ అంకెతో సహా.