మార్చిన డీజిల్ ట్యాంకు కారుతోంది, కేసు వేయవచ్చా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. ఇరవై ఏళ్లుగా చెన్నై రాయపురంలో ఉంటూ, కాశిమేడు రేవు నుంచి చిన్న మర పడవ మీద వేటకు వెళ్తున్నాను. పడవ నడిపే సరంగును నేనే, తోడు ఇద్దరు మనుషులు. ఇంజను పక్కన అడుగున ఉన్న పాత డీజిల్ ట్యాంకు తుప్పు పట్టిపోతే, మొన్నటి వేట నిషేధ కాలంలో ఒక వర్క్‌షాపుకు పని అప్పగించాను. కింద చోటు చాలదంటూ 600 లీటర్ల కొత్త ట్యాంకును పైన, అమరం (పడవ వెనుక భాగం) వైపు ఎడమ పక్కన బిగించారు. లక్షా తొంభై వేలకు మాట కుదిరింది, లక్షా నలభై వేలు ఇచ్చాను. మూడు నెలలకే అతుకు దగ్గర డీజిల్ కారుతోంది. నిండుగా పోస్తే పడవ ఎడమకు ఒరుగుతోంది. మిగతా యాభై వేలు ఇస్తేనే చూస్తామని, లేకుంటే పడవ పట్టుకుపోతామని అంటున్నారు. రశీదు లేదు, వాట్సాప్ సందేశాలున్నాయి. పడవకు ఏడాది బీమా ఉంది. నాది వ్యాపారం కనుక వినియోగదారుల కమిషన్‌లో కేసు నిలవదని తెలిసినవారు అంటున్నారు. ఏం చేయాలి?

– ఒక పాఠకుడు, రాయపురం

జవాబు: కేసు సంగతి తరువాత. ముందు ఆ ట్యాంకుతో వేటకు వెళ్లకండి. 600 లీటర్ల డీజిల్ అంటే దాదాపు 500 కిలోలు. అడుగున పడవకు నిలకడనిచ్చిన ఆ బరువు ఇప్పుడు ఎత్తున, ఒక పక్కన కూర్చుంది. అల మీద పడవ ఒరిగిందంటే పోయేది డబ్బు కాదు, మీరూ మీ ఇద్దరు మనుషులూ.

బీమా కోసమైనా ఈ మాట వినాలి. సముద్ర బీమా చట్టం, 1963 సెక్షన్ 41 ప్రకారం, ఏడాది పాలసీలో పడవ సముద్రయానానికి తగినట్టు ఉంటుందన్న హామీ దానంతట అదే ఏర్పడదు. అయితే లోపం తెలిసి కూడా యజమాని పడవను పంపితే, ఆ లోపం వల్ల జరిగిన నష్టానికి బీమా కంపెనీ బాధ్యత వహించదు. కారుతోందని, ఒరుగుతోందని మీరే రాశారు కనుక లోపం మీకు తెలిసినట్టే. ట్యాంకు స్థానం మారిన సంగతిని ఈ వారమే బీమా కంపెనీకి లిఖితపూర్వకంగా తెలపండి. మత్స్యశాఖకూ ఒక ఉత్తరం ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

ఇక మీ అసలు చిక్కు. బాగుచేయిస్తే సాక్ష్యం చెరిగిపోతుంది, చేయించకుంటే వేట ఆగిపోతుంది. నష్టాన్ని ఊరికే పెరగనిచ్చినవారికి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 కింద పూర్తి పరిహారం దక్కదు కనుక, పడవను నెలల తరబడి కట్టేసి కూర్చోవడం కూడా తప్పే. వర్క్‌షాపుకు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి, ఫలానా రోజున ఇంజనీరు సమక్షంలో పరీక్ష ఉంది, మీరూ రండని పిలవండి. రాకపోయినా పరీక్ష జరిపించి, నివేదిక, ఫొటోలు తీసుకున్న తరువాత వేరే చోట బాగుచేయించండి. విప్పిన ట్యాంకును పాత ఇనుముకు అమ్మకండి. చాలా కేసులు ఓడిపోయేది ఇక్కడే.

వాట్సాప్ సందేశాలు పనికొస్తాయి. భారతీయ సాక్ష్య అధినియమం, 2023 సెక్షన్ 63 కోరే ధ్రువపత్రాన్ని వాటికి జత చేయాలి. ఆ ఫోను మార్చకండి.

మీరు వినియోగదారు కాదన్న మాటను నేను ఒప్పుకోను. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి మాత్రమే కొని వాడుకునే వస్తువు వాణిజ్య ప్రయోజనం కిందికి రాదని వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 2(7) వివరణ చెబుతోంది. ఆటో కొని తానే నడుపుకునే వ్యక్తి, ఒకరిద్దరి సాయం తీసుకున్నా, వినియోగదారుగానే ఉంటాడని లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు 1995లోనే స్పష్టం చేసింది. మీ పడవకూ అదే వర్తించాలి. రెండు మూడు పడవలుండి కూలీలతో నడిపిస్తుంటే నా జవాబు వేరుగా ఉండేది.

అయితే ఒక మెలిక ఉంది. పాత 1986 చట్టం ఈ మినహాయింపును వస్తువులతో పాటు సేవలకూ ఇచ్చింది. కొత్త చట్టం వివరణలో వస్తువుల మాటే ఉంది. ఎదుటివారి వకీలు దీన్ని తప్పక పట్టుకుంటారు. అందుకే ఫిర్యాదులో 'మరమ్మతు చేయించాను' అని ఊరుకోకుండా, 'ట్యాంకును కొన్నాను, దాన్ని లోపంతో ఇచ్చి లోపంతో బిగించారు' అని రాయించండి. ఎత్తున ఒక పక్కన పెడితే పడవ ఒరుగుతుందని మీకు చెప్పలేదన్న సంగతీ రాయాలి. తెలిసిన సమాచారాన్ని కావాలని దాచడం కూడా సెక్షన్ 2(11) కింద సేవాలోపమే.

మీ నివాసం రాయపురం కనుక ఉత్తర చెన్నై జిల్లా కమిషన్‌లో, లేదా వినియోగదారుల కేసులను ఆన్‌లైన్‌లో వేసే ఈ-జాగృతి పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. వస్తువుకు, సేవకు చెల్లించిన మొత్తం 5 లక్షలు దాటకపోతే రుసుము లేదు. గడువు రెండేళ్లు. కారడం ఎప్పుడు మొదలైనా, ట్యాంకు బిగించిన రోజు నుంచే లెక్క వేసుకోండి, గడువుపై వాదనకే తావుండదు.

యాభై వేల గురించి 'ఇవ్వను' అని మాత్రం ఎక్కడా అనకండి, రాయకండి. నష్టంలో సర్దుబాటు చేసుకుని, లెక్క తేలాక మిగిలితే ఇస్తానని నోటీసులో రాయండి. పడవ పట్టుకుపోతామన్న బెదిరింపుకు చట్టంలో చోటు లేదు. పని చేసిన వస్తువును, కూలి అందేదాకా తన దగ్గర ఉంచుకునే హక్కు కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170 ఇస్తుంది. ఒకసారి మీకు అప్పగించాక ఆ హక్కు పోయినట్టే. రేవులో ఎవరైనా పడవ మీద చెయ్యి వేస్తే వెంటనే పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.