చనుమొన నుంచి స్రావం వస్తే ఏయే పరీక్షలు చేస్తారు?

మీరు అడిగింది చనుమొన నుంచి నీరులాంటిది కారితే అది క్యాన్సరేనా, డాక్టర్లు ఎలా తేల్చుకుంటారు అని. చాలాసార్లు క్యాన్సర్ కాదు, ముందు ఆ టెన్షన్ తగ్గించుకోండి. కానీ చూపించుకోకుండా మాత్రం ఉండొద్దు.

డాక్టర్ మొదట చూసేది అది ఎలా వస్తోందనే. రెండు వైపులా, నొక్కితేనే, పాలలాగానో ఆకుపచ్చగానో వస్తే సాధారణంగా ప్రమాదం ఉండదు. పాలలా ఉంటే గర్భం ఉందేమో చూసి, రక్తంలో ప్రొలాక్టిన్ (పాలు పడేలా చేసే హార్మోన్), థైరాయిడ్ పరీక్షలు రాస్తారు. వాంతులకు వాడే డోంపెరిడోన్, కొన్ని మానసిక వ్యాధుల మందులు కూడా ఇలా చేస్తాయి కాబట్టి మీరు వాడే మందులన్నీ చెప్పండి.

ఒకే వైపు, ఒకే రంధ్రం నుంచి, నొక్కకుండానే రక్తంలాగానో నీళ్లలాగానో వచ్చి లోదుస్తులకు మరక అంటుతుంటే ఆలస్యం చేయకండి. అప్పుడు కూడా ఎక్కువగా బయటపడేది పాలనాళంలో పెరిగే పాపిల్లోమా అనే చిన్న కణితి, అది క్యాన్సర్ కాదు. అయినా స్కానింగ్‌తోనే తెలుస్తుంది: 30 ఏళ్లలోపు వాళ్లకు ముందు అల్ట్రాసౌండ్, 40 దాటితే మామోగ్రామ్ (రొమ్ముకు తీసే ఎక్స్‌రే) కూడా. అనుమానంగా కనిపించిన చోట సూదితో ముక్క తీసి బయాప్సీకి, అంటే క్యాన్సర్ కణాలున్నాయేమో చూసే పరీక్షకు పంపుతారు.

ఇంకొకటి, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఒక చనుమొన మీదే తామరలా పొలుసులు, దురద వచ్చి, ఆయింట్‌మెంట్ రాసినా కొన్ని వారాల్లో మానకపోతే అది పాజెట్ వ్యాధి, అంటే చనుమొన దగ్గర కనిపించే ఒక రకం రొమ్ము క్యాన్సర్ కావచ్చు. అక్కడి చర్మానికి బయాప్సీ చేయమని మీరే అడగండి. చనుమొన కొత్తగా లోపలికి పోయినా, గడ్డ తగిలినా వెంటనే వెళ్లండి. మగవాళ్లకైనా ఇంతే.

వస్తోందో లేదో అని రోజూ పిండి చూసుకోకండి, దానివల్లే స్రావం ఆగకుండా వస్తుంటుంది.