‘సోమవారంకు’ ఎందుకు వస్తోంది?

సందేహం: దేవరకొండలోను, వనపర్తిలోను నాట్యం, యోగా క్లాసులు నడుపుతున్నాం. సీట్లు నమోదు చేసుకునే సాఫ్ట్‌వేర్‌లో, వచ్చేవారికి కనిపించే భాషను తెలుగులోకి మార్చాను. ఇప్పుడు వారి ఫోన్లకు ‘లక్ష్మికు సోమవారంకు క్లాసు బుక్ చేయబడింది. వనపర్తికు రండి’ అని సందేశం వెళ్తోంది. ఖాళీల దగ్గర ‘3 మచ్చలు మిగిలాయి’ అని ఉంది. మళ్లీ ఇంగ్లీషే పెట్టమంటారా? – ఒక నిర్వాహకురాలు, దేవరకొండ

సమాధానం: తెలుగునే ఉంచండి, వాక్యాన్ని దిద్దండి. పేరుకు, రోజుకు, ఊరికి ఖాళీలు వదిలి, ప్రతి ఖాళీ వెనుక ‘కు’ను ముందే అతికించడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఇంగ్లీషులో ‘ఫర్’, ‘ఆన్’ పేరుకు ముందు విడిగా నిలబడతాయి. ఏ పేరు వచ్చినా అవి మారవు. మన విభక్తి ముందున్న మాటను బట్టి తాను మారుతుంది, ఒక్కోసారి ఆ మాటనూ మారుస్తుంది. ఇకారం మీద ‘కు’ కాస్తా ‘కి’ అవుతుంది: లక్ష్మికి, వనపర్తికి. కానీ సుజాతకు, దేవరకొండకు. ఇక ‘సోమవారమునకు’ నుంచి వచ్చింది ‘సోమవారానికి’. ఏడు రోజుల పేర్లూ ‘వారం’తోనే ముగుస్తాయి కనుక మీ సందేశం ఏ రోజు వెళ్లినా తప్పే.

విభక్తిని ఖాళీకి తగిలించకుండా, దాని వెంట ఎప్పుడూ మారని మాట ఒకటి పెట్టి, దానికి తగిలించండి. పెద్దల పేర్లకు ‘గారు’ ఉండనే ఉంది. లక్ష్మి గారికి, సుజాత గారికి, రాములు గారికి: ఏ పేరు వచ్చినా ‘గారికి’ మారదు. పైగా క్రియ ‘వచ్చారు’ అవుతుంది కాబట్టి ఆడవారో మగవారో సాఫ్ట్‌వేర్‌కు తెలియనక్కర లేదు. మర్యాద కోసం పుట్టిన మాట వ్యాకరణానికి ఇంత మేలు చేయడం చూసినప్పుడల్లా నాకు సంతోషం. నాట్యానికి వచ్చే ఎనిమిదేళ్ల పిల్లకు ‘గారు’ నప్పదు. అక్కడ ‘పేరిట’ వాడండి. రోజు తరువాత ‘నాడు’, ఊరి తరువాత ‘శాఖలో’ చేర్చండి. ‘లక్ష్మి పేరిట సోమవారం నాడు వనపర్తి శాఖలో సీటు ఖరారయింది.’

‘చేయబడింది’ వ్యాకరణరీత్యా తప్పు కాదు. అయినా మాటల్లో ఎవరూ అలా అనరు, ‘ఖరారయింది’ చాలు. ఖరారు, రద్దు, ఖాళీ ఉర్దూ మీదుగా వచ్చి, పాలమూరు, నల్లగొండ కచేరీల్లో తరాలుగా నలిగి మనవైన మాటలు. వాటిని తీసేసి సమాసాలు పేర్చవద్దు. రైలెక్కిన వారందరికీ ‘వెయిటింగ్ లిస్టు’ తెలుసు, ‘నిరీక్షణ సూచిక’ అంటే తడుముకుంటారు.

‘మచ్చలు’ ఇంగ్లీషు ‘స్పాట్’కు వచ్చిన పొరపాటు అనువాదం. ‘ఖాళీ సీట్లు: 3’ అని రాస్తే ఒక్కటే మిగిలినప్పుడూ ఇబ్బంది లేదు. ‘రద్దు చేయాలా?’ అని అడిగి కింద ‘రద్దు’, ‘సరే’ అని రెండు మీటలు పెడితే ఏది నొక్కితే ఏమవుతుందో తెలియదు. ‘అవును, రద్దు చేయండి’, ‘వద్దు, ఉంచండి’ అని రాయండి.

ఇలాంటి సాఫ్ట్‌వేర్లు చాలావాటిలో మీ తెర భాష, వచ్చేవారి తెర భాష, సందేశాల భాష వేర్వేరు చోట్ల ఉంటాయి, అన్నీ చూడండి. భాషల జాబితాలో తెలుగు పేరు తెలుగు లిపిలో, ఉర్దూ పేరు ఉర్దూ లిపిలో ఉండాలి. ఇంగ్లీషు చదవలేని వారు వెతికేది ఆ అక్షరాలనే. దిద్దాక లక్ష్మి, సుజాత, శ్రీకాంత్ అనే మూడు పేర్లతో మీ ఫోనుకే సందేశాలు పంపుకొని, పైకి చదివి చూడండి.