మూడు నెలల దాకా బిడ్డకు ఆ కాస్త గాలే కావాలి

మిర్యాలగూడ

బిడ్డా,

నిన్న ఫోన్‌లో నువ్వు ఏడుస్తుంటే నాకు మాట రాలేదు, అందుకే రాస్తున్నా. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం ఉంటే, ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ బిడ్డ) ల్యాబ్‌లో మీ పిండాన్ని 5 శాతంలోనే ఉంచారని కదా నీ టెన్షన్? అట్లా ఉంచడమే మంచిది. అండనాళంలో, గర్భసంచిలో ఆక్సిజన్ ఎప్పుడూ తక్కువే, 2 నుంచి 8 శాతం దాకా. ల్యాబ్ వాళ్లు పిండానికి అలవాటైన చోటునే ఇచ్చారు.

మీ బాపు మండె కట్టడం చిన్నప్పటి నుంచి చూశావు. నానిన వడ్లను గోనెసంచిలో కట్టి, గడ్డి కప్పి, పైన బరువు పెడతాడు. రెండో రోజు చేయి పెడితే లోపల వెచ్చగా ఉంటుంది, గింజ మూతికి తెల్లటి ముక్కు వచ్చి ఉంటుంది. మొదటి రోజుల్లో పిండానికీ అట్లాంటి మూసిన చోటే కావాలి.

కాలేజీలో జంతుశాస్త్రం చెప్పిన రోజుల్లో నాకూ ఇది ఇంత వివరంగా తెలియదు. కణాలు ఆక్సిజన్ ఎంత ఉందో ఎట్లా పసిగడతాయో కనిపెట్టినందుకు 2019లో సెమెంజా, రాట్‌క్లిఫ్, కేలిన్ అనే సైంటిస్టులకు నోబెల్ వచ్చినప్పుడు కూర్చుని చదివాను. మన కణాల్లో హిఫ్ అనే ప్రొటీన్ ఉంటుంది. ఆక్సిజన్ బాగా ఉంటే పుట్టిన కొద్ది నిమిషాలకే కరిగిపోతుంది. తగ్గితే నిలబడి, కొత్త రక్తనాళాలు వేసే జన్యువులను లేపుతుంది. ఎలుకల్లో దీన్ని తీసేస్తే గర్భం సగం రోజులు నిండేసరికే పిండాలు చనిపోయాయి. నీ కడుపులో ఇప్పుడు మాయ (ప్లాసెంటా) వేళ్లూనుకునే పనిలోనూ దీని చెయ్యి ఉంది. మాయ కణాలే నీ రక్తనాళాల మూతులకు బిరడాల్లా అడ్డం పడి, రక్తం ఒక్కసారిగా రాకుండా ఆపుతాయి. పది, పన్నెండు వారాలకు ఆ బిరడాలు మెల్లగా వదులుతాయి. అప్పుడు ఆక్సిజన్ పెరుగుతుంది, హిఫ్ తగ్గాలి. తగ్గకుండా ఉండిపోవడానికీ, తర్వాతి నెలల్లో వచ్చే బీపీకీ సంబంధం ఉందంటారు. అందుకే ప్రతి చెకప్‌లో బీపీ చూపించుకో.

కరోనా నాటి ఆక్సీమీటర్ వేలికి పెట్టుకుని గంటకోసారి చూడకు. అది నీ రక్తం సంగతి చెబుతుంది గానీ బిడ్డ దగ్గర ఎంత ఉందో చెప్పదు. దాన్ని బీరువాలో పెట్టెయ్.

పొగ దగ్గరికి మాత్రం పోకు. కట్టెల పొయ్యి పొగలో, మీ ఇంట్లో వాళ్ల సిగరెట్ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ నీ రక్తంలో ఆక్సిజన్ చోటు ఆక్రమిస్తుంది. అల్లుడికి నేనే చెబుతాను. ఫోలిక్ మాత్ర ఇప్పుడు మానకు. ఐరన్ మాత్ర మామూలుగా నాలుగో నెల నుంచి, 180 రోజులు ఇస్తారు. డాక్టర్ చెప్పినప్పుడు మొదలుపెట్టు. హిఫ్‌ను కరిగించే ఎంజైమ్‌కు కూడా ఇనుము కావాలి. చాయ్‌తో వేసుకోకు, నిమ్మరసంతో వేసుకో.

ఇంకో మాట. నాకు రెండో నెలలో కడుపు పోయినప్పుడు, అటక మీది బియ్యం మూట దించినందుకే అన్నారు. పదేళ్లు నమ్మి కుమిలిపోయాను. తొలి నెలల్లో పోయేవాటిలో సగం దాకా క్రోమోజోముల లోపం వల్లనే. నీకు ఎవరైనా అట్లాంటి మాట అంటే నాకు ఫోన్ చెయ్.

ఎర్రమరక కనిపించినా, కడుపు గట్టిగా నొప్పిగా ఉన్నా తెల్లారేదాకా ఆగకు. ఆదివారం వస్తున్నా, మునగాకు పొడి కూడా తెస్తా.

నీ పెద్దమ్మ