షుగర్ అదుపులోనే ఉంది, మరి కన్నెందుకు దెబ్బతింది?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. షుగర్ వచ్చి ఎనిమిదేళ్లయింది. మొదట్లో పట్టించుకోలేదు, హెచ్‌బీఏ1సీ (కొన్ని నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 10 దాటింది. రెండేళ్లుగా మందులు, నడక మానకుండా 6.8కి తెచ్చుకున్నాను. అయినా రెటినోపతీ (షుగర్ వల్ల కంటి లోపలి తెర అయిన రెటీనా దెబ్బతినడం) మొదలైందని కంటి డాక్టర్ చెప్పారు. కణాల వయసు తగ్గించే క్యాప్సూళ్లు వాడమని తెలిసినవాళ్లు అంటున్నారు. వాడొచ్చా?
– ఓ పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీ 6.8లో తప్పేం లేదు. కాకపోతే అది చెప్పేది గత రెండు మూడు నెలల సంగతే. ఆ పరీక్ష కొలిచేది ఎర్ర రక్తకణాలకు అంటుకున్న చక్కెరను, ఆ కణం బతికేదే దాదాపు 120 రోజులు కదా! రెటీనాలోని సన్నటి రక్తనాళాల మీద అంతకుముందు ఏళ్ల ప్రభావం కూడా ఉంటుంది. దీన్ని ‘మెటబాలిక్ మెమరీ’ అంటాం.

ఇది బాగా బయటపడింది డీసీసీటీ అధ్యయనంతో. అమెరికా, కెనడాల్లో టైప్-1 షుగర్ ఉన్న 1,441 మందిలో సగం మందికి హెచ్‌బీఏ1సీ 7 దగ్గర ఉండేలా గట్టి వైద్యం చేశారు. మామూలు వైద్యంలో ఉన్నవారికి అది 9 దగ్గర ఉండేది. 1993లో అధ్యయనం ముగిశాక అందరికీ 8 దగ్గరికొచ్చింది. అయినా మొదట్లో అదుపులో ఉన్నవారికి కంటి, కిడ్నీ సమస్యలు ఏళ్ల తరబడి తక్కువే. తర్వాత శాస్త్రవేత్త రమా నటరాజన్ బృందం వీరిలో కొందరి రక్తకణాలు పరిశీలిస్తే, డీఎన్‌ఏ మీద ఉండే మిథైల్ అనే చిన్న రసాయన గుర్తుల్లో తేడాలు కనిపించాయి. అవి చాలా ఏళ్లు అలాగే నిలిచాయి. ఇక్కడ జన్యువు మారదు, అది ఎంత పనిచేయాలో చెప్పే గుర్తులు మారతాయి. షుగర్ ఎక్కువున్నప్పుడు కొన్ని కణాలు ముందే ముసలివై, విభజన ఆపేసి, చుట్టూ వాపు పుట్టించే రసాయనాలు వదులుతుంటాయి కూడా.

క్యాప్సూళ్ల మాటకొస్తే, ఈ గుర్తుల్ని చెరిపేసి రెటినోపతీని తగ్గిస్తుందని రుజువైన మందు ఇప్పటికైతే లేదు. ఆ డబ్బు కంటి పరీక్షకు ఉంచుకోండి.

షుగర్ చాలా త్వరగా తగ్గినప్పుడు కూడా కొందరికి మొదట్లో రెటినోపతీ కాస్త పెరుగుతుంది. అలాగని మందులు ఆపకండి, దీర్ఘకాలంలో మేలు అదుపుతోనే. బీపీ, కొలెస్ట్రాల్, మూత్రంలో అల్బుమిన్ (కిడ్నీ దెబ్బతింటే మూత్రంలోకి వచ్చే ప్రొటీన్) చూపించుకోండి. పొగతాగే అలవాటుంటే మానేయాలి. కంటి చెకప్ మీ డాక్టర్ చెప్పిన గడువుకే చేయించుకోండి, చూపు బాగానే ఉందని వాయిదా వేయొద్దు. ఉన్నట్టుండి కంటి ముందు నల్ల చుక్కలు తేలినా, తెర అడ్డుపడినట్టనిపించినా అదే రోజు వెళ్లండి.